చెయ్యి అందినంత మేర

లాము సందుల్లో గాడిదలకు కూడా నేను తెలుసు.
మ్వానకొంబో చాప చంకన పెట్టుకుని వస్తోందంటే
ఎక్కడో పెళ్లి ఉన్నట్టే,
తప్పుకుని దారిస్తాయి.

నిమ్మరసంలో నానిన ఆకు, గిన్నె మీద తడిగుడ్డ.
పెళ్లికూతురి పాదాలు ఒళ్లో పెట్టుకుని
మోకాలి దాకా తీగ పాకించి తలెత్తేసరికి
మధ్యాహ్నం నమాజు పిలుపు పోయి
రాత్రి నమాజు పిలుపు వినబడేది.
నలభై ఏళ్లు అలా వంగాను.
వంగిన నడుం వంగినట్టే ఉండిపోయింది,
సగం దిగి వంకరపోయిన మేకు
గోడలోనే ఉండిపోయినట్టు.

ఈసారి కస్కజీ గాలితో పాటు
పక్కింటి మేడ మీదికి న్యోకాబి వచ్చింది, నకూరు పిల్ల.
పొద్దున్నే పదిహేను మందిని చాపల మీద నిలబెట్టి
పీల్చమంటుంది, వదలమంటుంది.
"ఊపిరి తీసుకోవడానికి డబ్బు కడతారా!"
మా చెల్లెలు బతూలి పగలబడింది.
నేనూ నవ్వాను, నడుం పట్టుకునే.

ఆఖరి రోజు యోగా వాళ్లంతా పండగ చేసుకుంటారట,
చేతులకి గోరింటాకు కావాలట.
"పెళ్లెవరికి?" అన్నాను.
"ఎవరికీ కాదు. ఊరికే."
ఊరికే!
మా వీధిలో పెళ్లికాని పిల్ల అరచేతిలో చుక్క పెడితే
వాళ్లమ్మ నాతో వారం మాట్లాడదు.
అయినా వెళ్లాను. చేపల ధర అలా ఉంది మరి.

మణికట్టు మణికట్టుకీ ఒక మల్లెతీగ.
"ఆరేదాకా కదిలారో, చెరిగిపోతుంది" అన్నాను.
పదిహేను మందీ వెల్లకిలా పడుకున్నారు,
అరచేతులు ఆకాశానికి అప్పజెప్పి.
శవాసనం అంటారు దీన్ని, చెవిలో చెప్పింది న్యోకాబి.
"రోజూ ఒకడికి ముక్కు దురద, ఒకామెకి ఫోను.
ఇవాళ చూడు, ఈగ వాలినా ఉలకడం లేదు."

చూశాను.
రేవులో ఎవరో తెరచాప దించుతున్నారు.
ఎండిన ముద్ద చర్మం మీద చిట్లుతోంది.
అప్పుడు జునైనా గుర్తొచ్చింది,
పదహారేళ్ల పెళ్లికూతురు,
పాదాలు కదపకుండా నా ముందు కూర్చుని
ముక్కు కూడా తుడుచుకోకుండా ఏడ్చిన పిల్ల.
లే, నీళ్లు తే అని ఎవరూ అనని పూట
ఆమెకి అదొక్కటే.
ఆ పూట ఇచ్చింది నేనని
ఇన్నాళ్లూ నాకు తోచనేలేదు.

"మరి నీ కాళ్లకి ఎవరు పెడతారు?" అంది న్యోకాబి.

ఫుమో పోయాక నాలుగు నెలల పది రోజులు
బోసిగా ఉండాలి, ఉన్నాను.
తర్వాత పెట్టుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు.
ఆరేళ్లయింది.
"నా పాదం నాకు అందదే పిల్లా" అన్నాను,
అదీ నిజమే కాబట్టి.

రమ్మంది. తెల్లారుజామున, జనం లేవకముందు.
మోకాళ్లు కాస్త మడుచు, వదిలేటప్పుడు వంగు.
మొదటిరోజు మోకాలి చిప్ప.
పదో రోజు పిక్క.
ఒకరోజు వంగి లేవలేక
ఇద్దరం నవ్వలేక చచ్చాం.

బతూలి కూతురి పాదాలు నింపిన రాత్రి
గిన్నె అడుగున కాస్త ముద్ద మిగిలింది.
తలుపు వేసి, కాళ్లు చాపి, ఊపిరి వదిలాను.
చీలమండకి జానెడు పైన చెయ్యి ఆగిపోయింది.
ఆశ ఇంకాస్త అంది, నడుం చాలంది.
సరే, అక్కడే ఒక పువ్వు.
కాడ మాత్రం కిందికి, పాదం వైపు వదిలాను.

పొద్దున్నే ముద్ద రాల్చి చూస్తే
వట్టి పసుపుపచ్చ. పాత ఒళ్లు, పండదులే అనుకున్నా.
సాయంత్రానికి పండింది.

పెళ్లింటి మెట్లు ఎక్కుతూ
బుయిబుయి కాస్త పైకెత్తి పట్టుకున్నాను.
మెట్ల మీద బురదేం లేదు.